నేలకు పేరు పెట్టేది ఎవరు?

మా పడమటి మండలాల గుట్టల్లో ఒకచోట కొన్నేళ్ళ కిందట కందకాల పని జరిగింది. ఉపాధి హామీ పని. ఊరి పేరు ఇక్కడ అక్కరలేదు. ఇట్లాంటి ఊళ్ళు సదుం నుంచి కుప్పం దాకా చాలా ఉండాయి. ఎండాకాలం. తెల్లవారి ఆరు గంటలకు గుట్ట ఎక్కితే పదకొండు దాకా తవ్వేవాళ్ళం. పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద మొరుసు. మొరుసు కింద చీకిపోయిన రాయి. గడ్డపార వేస్తే ఖంగుమని చేతులు అదిరేవి గానీ అంగుళం దిగేది కాదు. ఆడవాళ్ళ అరచేతులు బొబ్బలెక్కినాయి. వారం తిరిగి లెక్క వస్తే, ఆ ఏడాది ప్రకటించిన కూలిలో సగం కూడా పడలేదు.

అందరం కలిసి ఆఫీసుకు పోయినాము. అక్కడి సారు కొలత పుస్తకం తీసి చూపించినాడు. మేము తవ్విన నేలకు ఎదురుగా రాసి ఉన్న మాట ఒకటే: "మెత్తటి నేల".

"మెత్తటి నేలా సార్? మీరే వచ్చి ఒక పోటు వేసి చూడండి సామీ" అన్నది మాతో వచ్చిన ఒక ముసలామె. "అది టెక్నికల్ మాటమ్మా, నీకు అర్థం కాదులే" అన్నాడాయన.

నాకూ అర్థం కాలేదు, ఒప్పుకోవాల. నేను బడిలో చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత చదివిందంతా సంఘం ఆఫీసులో కిరసనాయిలు దీపం ముందర, దొరికిన పుస్తకం దొరికినట్టు. ఆ రోజు ఇంటికొచ్చి మా పిల్లల భూగోళం పుస్తకాలు ముందరేసుకుని కూర్చున్నాను. శైథిల్యం, క్రమక్షయం, అవక్షేపం, పరీవాహక ప్రాంతం, భూగర్భజలం. ఒక్కొక్క మాటా పెద్ద బండరాయి మాదిరి కనిపించింది. కానీ అర్థం తెలుసుకునే కొద్దీ ఒక సంగతి తేలింది. ఆ మాటలు చెప్పేదంతా మన చేతులకు, కాళ్ళకు ముందే తెలుసు. పేరు మాత్రమే వేరే.

ఈ పనిలో కూలి రోజుకు కాదు, కొలతకు. ఇన్ని ఘనపు మీటర్ల మట్టి తవ్వితే ఇంత అని. నేల మెత్తనిదైతే ఒక రేటు, గట్టిదైతే ఇంకొక రేటు, రాయి కలిసినదైతే మరొకటి. 2025-26కు మన రాష్ట్రానికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. ఆ 307 చేతికి రావాలంటే దానికి సరిపోయే కొలత రావాల. మొరుసులో ఒక ఘనపు మీటరు తవ్వే చెమటతో చెరువు కింద కయ్యలో రెండు తవ్వచ్చు. కాబట్టి పుస్తకంలో నేలకు ఏ పేరు పడితే అదే మన కూలి. 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఈ పథకం మొదలైంది. చిత్తూరు జిల్లా కూడా మొదటి విడతలోనే ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. దాని మంచిచెడ్డలు ఇంకొకసారి మాట్లాడుకుందాం. ఏ చట్టం కింద తవ్వినా తవ్వేది ఈ నేలనే గదా.

మరుసటి వారం మేము ఒక పని చేసినాము. తవ్విన మట్టిని ఒకే గట్టుగా పోయకుండా మూడు కుప్పలు పెట్టినాము. ఎర్రమట్టి ఒకటి, మొరుసు ఒకటి, రాయి ఒకటి. గుంత పక్క గోడను నున్నగా చెక్కి, ఏ పొర ఎన్ని అంగుళాలుందో బొగ్గుతో గీత పెట్టినాము. కొలతలకు వచ్చిన అబ్బాయి పాపం మంచివాడే. గీతలు చూసి కాసేపు తల గోక్కుని, "పొరలవారీగా రాస్తానన్నా" అన్నాడు. రాసినాడు. ఆ వారం కూలి నిలబడింది. ముందు వారం పోయింది మాత్రం పోయిందే. అర్జీలు పెట్టినాము, తిరిగినాము, రాలేదు.

రోలు, బండ, పలక

ఆ మూడు పొరల కథే భూశాస్త్రంలో మొదటి పాఠం. కింద రాయి. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, వాననీళ్ళు నెర్రెల్లోకి దిగి, చెట్ల వేళ్ళు చొరబడి, ఆ రాయి వేల ఏళ్ళలో చీకిపోతుంది. దీన్నే పుస్తకంలో శైథిల్యం అంటారు. చీకిన రాయి ఇంకా నలిగితే మొరుసు. మొరుసు ఇంకా నలిగి, దాంట్లో ఆకూ అలమూ, పురుగూ పుట్రా కుళ్ళి కలిస్తే మట్టి. ఒక్క అంగుళం పైమట్టి కట్టడానికి కొన్ని వందల సంవత్సరాలు పడుతుంది. అందుకే గుట్ట మీద జానెడు మట్టే ఉంటుంది. అదీ ఉంటే.

రాళ్ళు మూడు రకాలని బడిపిల్లలు వల్లె వేస్తారు. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. వల్లె వేయనక్కరలేదు, మన ఇంట్లోనే మూడూ ఉండాయి. వాకిట్లో రోలు చూడండి. అది గ్రానైటు. భూమి లోపల కరిగి ఉన్న పదార్థం నిదానంగా చల్లబడి గడ్డకట్టిన అగ్నిశిల. ఇంట్లో పరిచిన కడప బండ అవక్షేప శిల. ఒకప్పుడు నీళ్ళ అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఆ బండ అయింది. అందుకే అది పలకలు పలకలుగా లేస్తుంది. ఇక పిల్లలు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక రూపాంతర శిల. బురద గట్టిపడిన రాయే మళ్ళీ భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గురై వేరే రాయిగా మారింది.

మన గుట్టలు ఎక్కువగా గ్రానైటు, దానికి దాయాది అయిన నైస్ అనే రాయి. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. కుప్పం దిక్కు పచ్చ గ్రానైటు కోసి పాలిష్ పట్టి అమ్ముతారు. 250 కోట్ల ఏళ్ళ గుట్ట ఒక తరంలో లారీలెక్కి పోతుంది. కోసినవాడికి దుమ్ము, అమ్మినవాడికి మేడ.

పేర్ల మాట వచ్చింది గాబట్టి ఒకటి చెప్తాను. మదనపల్లె అవతల కొండకు మన పెద్దలు పెట్టుకున్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదో శతాబ్దంలో హార్సిలీ అనే ఇంగ్లీషు కలెక్టరు అక్కడ చల్లగా ఉందని బంగళా కట్టుకున్నాడు. ఇప్పుడది హార్సిలీ హిల్స్. పుస్తకంలో రాసేవాడి మాటే నిలబడుతుందనడానికి అంతకంటే ఏం కావాల?

"గ్రామం తోడేసింది"

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఇక్కడ మాట ఇంకా ప్రమాదం.

మన రాయి గట్టి రాయి. ఇసుకలో మాదిరి దాంట్లో నీళ్ళు నిలవడానికి సందులుండవు. నీళ్ళుండేది రెండే చోట్ల. పైన చీకిన పొరలో, ఆ కింద రాతి నెర్రెల్లో. మన తాతలు బాయి తవ్వితే నలభై యాభై అడుగుల్లో ఊట పడిందంటే అది ఆ చీకిన పొర నీళ్ళే. కపిల కట్టి ఎద్దులతో తోడితే బాయి ఎండేలోపల ఎద్దులు అలసిపోయేవి. ఎద్దుకు అలుపుంది, మోటారుకు లేదు. బోర్లు వచ్చినాక ముందు రెండు నూర్లు, తర్వాత ఐదు నూర్లు, ఇప్పుడు వెయ్యి అడుగులు. కింద నెర్రె దొరికితే నీళ్ళు, దొరక్కపోతే రాతిపిండి. నెర్రె దొరికినా దాంట్లోకి పైనుంచి నీళ్ళు దిగితేనే రేపు మళ్ళీ నీళ్ళు.

ఎంత దిగుతుందో లెక్క వేద్దాం. ఒక ఎకరాలో ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల నలభై ఏడు లీటర్లు. పది మిల్లీమీటర్లంటే సుమారు 40 వేల లీటర్లు. మన గ్రానైటు నేలల్లో అందులో భూమి లోపలికి చేరేది పదో వంతుకు అటూ ఇటూ. అంటే నాలుగు వేల లీటర్లు, ఒక చిన్న టాంకరు. గంటకు పది వేల లీటర్లు పోసే బోరు వేసి తోడితే ఇరవై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన తొంభై వంతులు ఎండకు ఆవిరవుతాయి, పైరు తాగుతుంది, లేదా వంకలో పడి పోతాయి.

ఏటా వానకు లోపలికి చేరే నీళ్ళెన్ని, మనం తోడే నీళ్ళెన్ని అని లెక్కగట్టి సర్కారు నాలుగు పేర్లు పెడుతుంది. వందలో డెబ్భై దాకా తోడితే సేఫ్. డెబ్భై నుంచి తొంభై దాకా సెమీ క్రిటికల్. తొంభై నుంచి నూరు దాకా క్రిటికల్. నూరు దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్, అంటే వచ్చినదానికన్నా ఎక్కువ తోడేసిన ప్రాంతం. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అట్లాంటి ఊళ్ళో కొత్త బోరుకు అడ్డం పడుతుంది. ఊరందరూ తాగే నీళ్ళ బావికి, బోరుకు 250 మీటర్ల లోపల ఎవరూ సేద్యం బోరు వేయకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. ఈ రెండో ముక్క మన కార్యకర్తలు గట్టిగా గుర్తుపెట్టుకోవాల. చట్టం మంచిదే. లెక్క కూడా శాస్త్రీయమే. దాన్ని నేను తప్పు పట్టను.

కానీ ఆ మాటలో ఒక మోసం దాగి ఉంది. "గ్రామం తోడేసింది" అంటారు. గ్రామంలో ఎవరు? ఒక మామిడి తోట ఆసామికి ఆరు బోర్లుంటాయి. పక్కన రెండెకరాల రైతుకు అప్పు చేసి వేసిన బోరు ఒకటి, అదీ ఎండిపోయినది. దళితవాడలో బోరు లేదు, సెంటు భూమి లేదు, తాగడానికి కుళాయి ఉంది, దాంట్లో రెండు రోజులకొకసారి నీళ్ళు. అందరినీ కలిపి ఒక సగటు తీసి ఊరికి ఒక పేరు పెడతారు. ఆ తర్వాత కొత్తగా బోరు వేయకూడదంటారు. ముందే ఆరు వేసుకున్నవాడు నిశ్చింతగా తోడుకుంటాడు. వేయనివాడు మాత్రమే నేరస్తుడు. శాస్త్రం నీళ్ళను కొలిచింది, మనుషులను కొలవలేదు. బోరుబోరుకు ఎన్ని గంటలు మోటారు ఆడింది, ఏ పైరుకు ఆడింది, ఆ లెక్క గ్రామసభలో చదవమని మనం అడగాల.

బోరు ఎండిన రైతు మూడోదీ నాలుగోదీ వేసి భూమి అమ్ముకుని మన పక్కన గడ్డపార పట్టుకుంటాడు, లేదంటే బెంగుళూరు బస్సెక్కుతాడు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా లారీలెన్ని వచ్చినాయో పేపర్లు రాస్తాయి. ఆ టమాటా గంపలో ఎంత పాతాళ గంగ ఉందో ఎవరూ రాయరు.

లోతుకు పోయేకొద్దీ ఇంకొక బాధ. గట్టి రాతిలో చాలాకాలం నిలిచిన నీళ్ళలో రాతి నుంచి ఫ్లోరైడు కరిగి చేరుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు గారలు, ఇంకా ఎక్కువైతే ఎముకలకు వంకర. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించమని అడగడానికి చదువు అక్కరలేదు. ఫ్లోరైడు అనే ఒక్క మాట తెలిస్తే చాలు.

వాన పడిన రోజు

వానకు మన దగ్గర ఎన్ని మాటలు! తుంపర, జల్లు, పదును వాన, దుక్కి వాన, జడివాన. ఏ కార్తెలో పడింది, ఎంత లోతుకు చెమ్మ దిగింది, నాగలి నడుస్తుందా లేదా అని మనం చూస్తాం. వాతావరణ శాఖ మిల్లీమీటరు చూస్తుంది. రెండున్నర మిల్లీమీటర్లు పడితే దాని లెక్కలో అది 'వాన రోజు'. రెండున్నర మిల్లీమీటర్లకు మా చేలో దుమ్ము కూడా అణగదు.

అట్లాగే 'సాధారణం' అనే మాట. కురవవలసిన దానికంటే పందొమ్మిది శాతం దాకా తక్కువ పడినా దాని పేరు సాధారణమే. ఇరవై నుంచి యాభై తొమ్మిది దాకా తగ్గితే లోటు. అరవై దాటితే తీవ్ర లోటు. నూటికి ఎనభై ఒకటి పడి, అందులో డెబ్భై రెండు రాత్రుల్లో కుమ్మరించిపోయినా సరే, వేరుశెనగ ఊడ దిగే నెలంతా చుక్క లేకపోయినా సరే, మండలం సాధారణం. దీనికి విరుగుడుగా ఇంకొక మాట ఉంది, పొడి విరామం అనుకుందాం. ఇంగ్లీషులో డ్రై స్పెల్. వానలు మొదలైనాక వరుసగా మూడు నాలుగు వారాలు మామూలులో సగం కూడా పడకపోతే దాన్ని కరువు లెక్కలో చూడాలని 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్లో ఉంది. మొత్తం వాన అడిగితే మనం ఓడిపోతాం. వారం వారం వాన అడగాల.

వాతావరణం, శీతోష్ణస్థితి అని రెండు మాటలుండాయి. ఇవాళ మబ్బు పట్టిందా, రేపు ఎండ కాస్తుందా అనేది వాతావరణం. ముప్పై ఏళ్ళు కూడబెట్టి చూస్తే ఈ తావుకు ఏ నెలలో ఎంత వాన, ఎంత వేడి అని తేలేది శీతోష్ణస్థితి. మనిషి కోపంగా ఉండడం వేరు, కోపిష్టి కావడం వేరు గదా, అట్లాంటి తేడా. చిత్తూరు జిల్లా సగటు వాన 900 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పడమటి మండలాలకు అంత రాదు.

పడిన వాన ఎటు పోతుందో చెప్పే మాట పరీవాహక ప్రాంతం. మదనపల్లె, పీలేరు వైపు చినుకు బాహుదాలోనో పింఛాలోనో పడి, రెండూ కలిసి చెయ్యేరై, పెన్నలోకి పోతుంది. పలమనేరు వైపు చినుకు కౌండిన్యలో పడి పాలారు దారి పడుతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయినప్పుడు, ఆ నీళ్ళలో మన గుట్టల మీద కురిసినవీ ఉన్నాయి. పై గుట్టలో చెట్టుంటే, కందకముంటే నీళ్ళు నడుస్తాయి. లేకపోతే పరుగెత్తుతాయి. పరుగెత్తే నీళ్ళు మట్టిని ఎత్తుకుపోతాయి. అదే క్రమక్షయం, మన మాటలో మట్టి కోత.

కోసుకుపోయిన మట్టి చెరువులో కూర్చుంటే పూడిక. ఈ పూడిక తీసే పని కూడా మనదే. తీసిన ఒండుమట్టి బంగారం లాంటి ఎరువు. ట్రాక్టరున్న ఆసాములు తోలుకుపోయి తమ పొలాల్లో పరుచుకుంటారు. మట్టి తీసిన చేతులకు మట్టి దక్కదు. చెరువుమట్టిలో అసైన్డు భూముల పేద రైతులకు ముందు వంతు అని ఒకటి రెండు చోట్ల మేము పట్టుబట్టినాము. జగడమైంది, కొంత సాధించినాము.

ఈ మధ్య ఒక మాస్టారు చెప్పగా తెలిసింది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం అని ఒక పుస్తకం వేసిందట. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకులు. మొదటి సంపుటమే వ్యవసాయం. జిల్లా జిల్లా తిరిగి సేద్యగాళ్ళ నోటి మాటలు పోగు చేయించి అచ్చువేసినారు. అంత పెద్ద పండితులకు మన మాటలు పనికివచ్చినాయి. కొలత పుస్తకానికి మాత్రం పనికిరావడం లేదు. ఆ ఫారాల్లో 'మొరుసు' అనే మాటకు ఒక గడి పెడితే సర్కారు సొమ్మేం పోతుంది?

మేమిప్పుడు ఊళ్ళో రాత్రిపూట కూర్చుని ఈ మాటలు చదువుతా ఉండాము. మొన్న రెండు గాజు సీసాలు తెచ్చినాము. ఒక దాంట్లో గుట్ట మట్టి మూడో వంతు, ఇంకొక దాంట్లో చెరువు కింద కయ్య మట్టి అంతే. నీళ్ళు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టినాము. ఇసుక బరువు గనక నిమిషంలో అడుగుకు చేరుతుంది. ఒండుకు గంటలు పడుతుంది. బంకమట్టి రేణువు అన్నిటికన్నా చిన్నది. మిల్లీమీటరును ఐదు వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా ఉండదు. అది కూర్చోవడానికి ఒక రోజైనా కావాల. గుట్ట మట్టి సీసాలో చెప్పుకుంటుండగానే ముక్కాలు భాగం అడుగుకు దిగిపోయింది. కయ్య సీసాలో తెల్లవారినాక కూడా నీళ్ళు మబ్బుగానే ఉన్నాయి.

ఆ రోజు ఆఫీసుకు మాతో వచ్చిన ముసలామె పొద్దున్నే వచ్చి రెండు సీసాలూ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. కయ్య సీసా చూపించి, "ఆ సారు రాసిన మెత్తనేల ఇదిగదా నాయనా" అన్నది. గుట్ట సీసా పక్కన పెట్టి, "మనం తవ్వింది ఇది."

రెండిటికీ మూతలు బిగించి సంఘం ఆఫీసు గూట్లో పెట్టినాము. వచ్చే బుధవారం కొలతలకు వస్తారు. తీసుకుపోతాము.